చిన్న ప్రచురణ సంస్థ ఓపెన్ సోర్స్‌కు మారవచ్చా? లాభమెక్కడ, నష్టమెక్కడ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయవాడలో మీది చిన్న ప్రచురణ సంస్థ. అయిదారు కంప్యూటర్లు, ఇద్దరు డీటీపీ ఆపరేటర్లు, పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు వందకు పైగా ఉన్నాయి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కొత్త యంత్రాలు కొనడం భారం. వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో సగం డబ్బు పెట్టి కొన్నది కాదు. ఓపెన్ సోర్స్‌కు, అంటే లోపలి కోడును ఎవరైనా చూసి, మార్చుకుని, వాడుకునేలా తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌కు, మారితే పైసా ఖర్చుండదని ఒకరు, అది ఇంజనీర్ల కోసం పుట్టినదని, మనకు పనికిరాదని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నా సమాధానం: మారండి. కానీ అన్నీ ఒకేసారి మార్చవద్దు. డబ్బు మిగులుతుందన్న ఒక్క కారణంతో అయితే అసలు మారవద్దు. టైపింగు, ప్రూఫులు, పాత పుస్తకాల భద్రత ఈ ఏడాదే మార్చుకోవచ్చు. పేజీల అమరికను ఒక పుస్తకంతో పరీక్షించి చూశాక నిర్ణయించండి. అకౌంట్లు, పన్నుల పని ఉన్నచోటే ఉండనివ్వండి.

చిన్న ప్రెస్సులకు, గ్రంథాలయాలకు, పాఠశాలలకు ఇలాంటి ఏర్పాట్లు చేసిపెట్టడం చాలా ఏళ్లుగా నా వృత్తి. అందుకని సిద్ధాంతం పక్కనపెట్టి, మీ ఆఫీసులో ఏం జరుగుతుందో చెబుతాను.

మీకు దక్కే అసలు లాభం: మీ పుస్తకాలు మీ చేతిలో ఉంటాయి

ప్రచురణకర్త ఆస్తి కంప్యూటర్లు కాదు, ఇన్నేళ్లుగా వేసిన పుస్తకాల పాఠం. ఆ పాఠం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఒకసారి చూసుకోండి. మీ పాత ఫైలు ఒకటి ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరవండి. తెలుగు అక్షరం ఒక్కటీ కనపడదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, అడ్డదిడ్డమైన చిహ్నాలు వరుసగా కనిపిస్తాయి. యూనికోడ్‌కు (ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ అంతటా ఒకే సంకేతం ఉండే ప్రమాణానికి) ముందు తరం తెలుగు ఫాంట్లలో జరిగేది ఇదే. తెరమీద మనకు 'క' కనిపిస్తున్నా, ఫైలులో దాగి ఉన్నది ఏదో లాటిన్ అక్షరపు సంకేతం. ఆ పాఠంలో ఒక పేరు వెతకలేరు. దాన్ని నేరుగా ఈ-బుక్‌గా మార్చలేరు. చూపులేని పాఠకుడికి ఫోను దాన్ని చదివి వినిపించలేదు.

నేను చూసిన ఒక సాహిత్య మాసపత్రిక సంగతి చెబుతాను. వారి పాత సంచికలన్నీ అలాంటి ఫాంట్లలోనే ఉన్నాయి. ఆ ఫాంట్ల సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే కంప్యూటర్ వెనక ప్యారలల్ పోర్టుకు కొన్నవారే వాడేలా చూసే ఒక చిన్న లాక్ పరికరం తగిలించి ఉండాలి. కొన్నాళ్లకు ఆ పోర్టు ఉన్న యంత్రం ఒక్కటే మిగిలింది, దాని మదర్‌బోర్డు పోయింది. సాఫ్ట్‌వేర్‌కు వారు డబ్బు కట్టారు, రసీదు కూడా ఉంది. అయినా తమ సంచికలు తాము తెరుచుకోలేకపోయారు. చివరికి అచ్చయిన కాపీలను స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలు రాబట్టి, మనిషిని పెట్టి ప్రూఫులు దిద్దించాల్సి వచ్చింది. టెసరాక్ట్‌ను మొదట హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ తయారు చేసింది. 2005లో దాని మూలసంకేతాన్ని (కోడును) బయటపెట్టింది కాబట్టి, తర్వాత అందులోకి తెలుగు వచ్చి చేరగలిగింది.

పేజ్‌మేకర్ కథ కూడా ఇదే బాటలో నడిచింది. చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. తయారీదారు దాన్ని వదిలేశాక కోడు మూసి ఉంది కనుక బయటివారు కొనసాగించే వీలు లేకపోయింది. వర్డ్ లాంటి ఆఫీసు పనులకు వాడే ఓపెన్ ఆఫీస్ పరిస్థితి 2010లో దాదాపు అలాగే తయారైంది. దాన్ని పోషిస్తున్న సన్ సంస్థను ఒరాకిల్ కొనేసింది. భవిష్యత్తుపై అనుమానం వచ్చిన డెవలపర్లు అదే కోడు తీసుకుని లిబ్రెఆఫీస్ పేరుతో బయటికి వచ్చారు. వాడకందారులకు ఒక్క ఫైలూ పోలేదు. ఆ లిబ్రెఆఫీస్ ఇప్పుడు పేజ్‌మేకర్ ఫైళ్లను కూడా తెరుస్తుంది. తయారీదారే వదిలేసిన ఆ ఫైళ్లను చదవగలిగే కోడును బయటి డెవలపర్లు రాసిపెట్టారు. పేజీ అమరిక చెదిరిపోతుంది, అక్షరాలు పాత సంకేతాల్లోనే ఉంటాయి, కానీ పాఠాన్ని బయటికి లాగవచ్చు. అక్కడి నుంచి కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి.

ఈ మార్పిడిలో ఒక జాగ్రత్త ఉంది. పాఠం మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే, ఫాంటు తేడా చూడని కన్వర్టర్ వాటిని కూడా తెలుగు సంకేతాలే అనుకుని అర్థంలేని తెలుగుగా మార్చేస్తుంది. అంకెలు, ఉల్లేఖన చిహ్నాలు, అడ్డగీతలు, అరసున్నలు ఉన్నచోట్లు విడిగా చూసుకోవాలి. మార్పిడి అయిన ప్రతి పుస్తకానికీ ఒక ప్రూఫు తప్పదు. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి.

రెండో లాభం: చట్టం దగ్గర భయం ఉండదు

కొనని సాఫ్ట్‌వేర్ గురించి చాలామంది తేలిగ్గా మాట్లాడతారు. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. వ్యాపార లాభం కోసం వాడని సందర్భంలో కోర్టు శిక్ష తగ్గించే వెసులుబాటు ఉంది. మీది వ్యాపారం కనుక ఆ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోలేరు. పైగా మన జీవనాధారమే కాపీరైటు. మన పుస్తకాల పీడీఎఫ్‌లను ఎవరో ఉచితంగా పంచుతున్నారని బాధపడుతూ, ఇంకొకరి శ్రమను మనం కొనకుండా వాడటం నాకు మింగుడుపడదు. ఓపెన్ సోర్స్ వాడితే ఆ ఇరకాటం తొలగిపోతుంది.

చాలామంది అడిగే సందేహం ఒకటి: ఓపెన్ సోర్స్‌తో చేసిన పుస్తకాన్ని కూడా అందరికీ ఉచితంగా ఇవ్వాలా? అక్కరలేదు. లైసెన్సు షరతులు సాఫ్ట్‌వేర్‌కు వర్తిస్తాయి, దానితో మీరు తయారు చేసిన పుస్తకానికి వర్తించవు. ఫాంట్ల విషయమూ అంతే. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో దొరుకుతున్నాయి. వాటితో పుస్తకం వేసి అమ్ముకోవచ్చు, ఈ-బుక్‌లో పొదగవచ్చు. ఫాంటును విడిగా ఒక సరుకులాగా అమ్మకూడదు, అంతే.

ఇక నష్టాలు

మొదటిది, అన్నిటికంటే పెద్దది: మీకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. పుస్తకావిష్కరణ రేపు సాయంత్రం, ఫైలు ప్రెస్సుకు ఈ రాత్రే వెళ్లాలి. అప్పుడు పేజీ సంఖ్యలు తప్పుగా వస్తే ఎవరికి ఫోను చేస్తారు? ఫోరంలో ప్రశ్న వేస్తే మంచి సమాధానమే వస్తుంది, కానీ మీ గడువులోపు వస్తుందన్న హామీ లేదు. డబ్బు తీసుకుని మద్దతు ఇచ్చే సంస్థలు పెద్ద సర్వర్ల విషయంలో ఉన్నాయి. అయిదు కంప్యూటర్ల ఆఫీసుకు అలాంటివారు దొరకడం కష్టం. అందుకే మారేముందు ఒక మనిషిని చూసుకోండి. మీ ఆపరేటర్లలో ఆసక్తి ఉన్న ఒకరికి శిక్షణ ఇప్పించండి, లేదా ఊళ్లో తెలిసిన కుర్రాడికి నెలకింత అని ఇవ్వండి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' వంటి ఓపెన్ సోర్స్ బృందాల్లో ఓపికగా సాయపడేవాళ్లున్నారు. ఐతే వాళ్లంతా ఖాళీ వేళల్లో చేసేవాళ్లని మరచిపోవద్దు. లైసెన్సుల మీద ఎంత మిగులుతుందో లెక్కవేసి, అందులో కనీసం సగం మనుషుల కోసం పక్కన పెట్టమని నేను ప్రతి సంస్థకూ చెబుతాను.

రెండోది తెలుగుకే ప్రత్యేకమైనది. మన లిపి అవసరాలు చాలాసార్లు ఆలస్యంగా తీరతాయి. పేజీల అమరికకు ఓపెన్ సోర్స్‌లో ముఖ్యమైనది స్క్రైబస్. దాని పాత రూపాల్లో 'స్త్రీ' అని కొడితే స, త, ర విడివిడిగా, మధ్యలో పొల్లులతో, చివర దీర్ఘం ఎక్కడో వేలాడుతూ వచ్చేది. అలాంటి సాఫ్ట్‌వేర్‌తో తెలుగు పుస్తకం వేయడం సాధ్యం కాని పని. తర్వాత ఒమాన్ దేశపు బృందం ఒకటి తమ అరబిక్ అవసరం కోసం ఆ పని తలకెత్తుకుంది. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే ఇంజను స్క్రైబస్‌లోకి వచ్చింది, దానితోపాటు తెలుగు ఒత్తులూ కుదురుకున్నాయి. 1.5 శ్రేణిలో మొదలైన ఈ మార్పు, 2024 జనవరిలో వచ్చిన 1.6తో స్థిరమైన రూపానికి చేరింది. మీ ఆండ్రాయిడ్ ఫోనులో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు సరిగ్గా కనిపించడం వెనక ఉన్నదీ హార్ఫ్‌బజ్ ఇంజనే. ఒకరి అవసరానికి చేసిన పని ఇలా మనందరికీ అందడం నాకు ఎప్పుడూ సంతోషమే. కానీ అప్పటిదాకా మనం ఎదురుచూడాల్సి వచ్చిందన్నది కూడా నిజమే.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేరైనా, ఏ ఫాంటైనా ఈ మాటలతో పరీక్షించండి: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, వాఙ్మయం, ఆర్ద్రత, వస్త్రోత్పత్తి. తెరమీద చూసి ఊరుకోకుండా పీడీఎఫ్ చేసి, ముద్రించి, మళ్లీ ఆ పీడీఎఫ్ నుంచి పాఠాన్ని కాపీ చేసి చూడండి. రెండు ఒత్తులున్నచోట పై పంక్తికీ కింది పంక్తికీ మధ్య తగులుడు ఉందేమో గమనించండి. నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంట్లు వెబ్‌లో చక్కగా ఉంటాయి, కానీ పుస్తకానికి పంక్తుల ఎడం సరిచూసుకోవాలి. పాత ఫాంట్ల అందానికి అలవాటుపడిన పాఠకులు, రచయితలు మొదట్లో పెదవి విరుస్తారు. వారి ఫిర్యాదులో కొంత న్యాయం ఉంది. పాఠ్యానికి పనికొచ్చే ఓపెన్ ఫాంట్లలో బరువుల (అక్షరాల మందాల) ఎంపిక తక్కువ, ఇటాలిక్ రూపాలు దాదాపు లేవు.

పదాల విరుపు గురించి కూడా చెప్పాలి. తెలుగు పదాలు పొడవైనవి. విరవకుండా రెండు అంచులూ సమం చేస్తే పదాల మధ్య గుంటలు పడతాయి. దీనికి కేరళకు చెందిన సంతోష్ తొట్టింగళ్ తెలుగుతో సహా అనేక భారతీయ భాషలకు విరుపు సూత్రాలు రాసి అందరికీ ఇచ్చారు. లిబ్రెఆఫీస్‌లో అవి పనిచేస్తాయి. అక్షరదోషాలు చూపే నిఘంటువు మాత్రం బలహీనం. ప్రత్యయాలు కలిసిన తెలుగు పదాలను అది గుర్తించలేక, సరైన మాటల కింద కూడా ఎర్రగీతలు పెడుతుంది. ప్రూఫ్‌రీడర్ లేకుండా గడవదు.

మూడోది: రంగుల ముద్రణ. ఫొటోలు దిద్దే గింప్ మంచి సాధనమే కానీ, దాని మూలస్వభావం తెర రంగులది, అచ్చు రంగులది కాదు. ముఖచిత్రాలకు నేను ఇంక్‌స్కేప్‌లోనో క్రీటాలోనో బొమ్మ పని చేసి, చివరి కూర్పు స్క్రైబస్‌లో పెట్టిస్తాను. స్క్రైబస్ సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు) రంగులతో, ప్రెస్సులు అడిగే పీడీఎఫ్ ఎక్స్ రూపాల్లో ఫైలు ఇస్తుంది. లిబ్రెఆఫీస్ పీడీఎఫ్‌లో నల్లక్షరం తెర రంగుల్లో ఉంటుంది. ప్లేట్లు తీసే చోట దాన్ని నాలుగు రంగులుగా విడదీస్తే, చిన్న అక్షరాల అంచులు మసకబారతాయి. ఒకే రంగు పుస్తకమైతే 'నలుపు ప్లేటు ఒక్కటే' అని స్పష్టంగా రాసి పంపండి. మీ ప్రెస్సువారితో ముందే మాట్లాడి, ఒక ఫారం (ఒకేసారి అచ్చయ్యే కొన్ని పేజీలు) పరీక్షగా తీయించుకోండి.

నాలుగోది ఆపరేటర్ల కడుపుకు సంబంధించినది, అందుకే దీని గురించి గట్టిగా చెబుతున్నాను. చాలామంది ఆపరేటర్లకు పేజీకింత అని కూలి. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకునే రోజుల్లో వేగం పడిపోతే వారి రాబడీ పడిపోతుంది. యజమానికి మిగిలే లైసెన్సు ఖర్చును ఆపరేటరు తన జేబులోంచి కడుతున్నట్టే అవుతుంది. నేర్చుకునే కాలానికి నెలజీతం లెక్కన ఇవ్వండి. కీబోర్డు విషయంలో మాత్రం భయం అక్కరలేదు. యాపిల్ కీబోర్డు అమరికకు వేళ్లు అలవాటుపడినవారికి, విండోస్‌కు బదులు వాడే ఓపెన్ సోర్స్ వ్యవస్థ అయిన లినక్స్‌లో కూడా అదే అమరిక ఉంది. లినక్స్‌లోని ఐబస్ అనే టైపింగు సాధనంలో ఎం17ఎన్ అనే కీబోర్డు పద్ధతులు పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, పోతన, ఆర్‌టీఎస్ అన్నీ కనిపిస్తాయి. నాకు తెలిసిన ఒక సీనియర్ ఆపరేటరు "ఈ వయసులో నాకెందుకీ కష్టం" అని మొండికేశారు. ఆయన అలవాటు పడిన అమరికే కొత్త యంత్రంలో పెట్టి చూపించగానే కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక పేరా ఆగకుండా కొట్టారు. ఆ తర్వాత ఆయనే మిగతావారికి నేర్పారు.

అయిదోది అకౌంట్లు. మీ ఆడిటరు టాలీ ఫైలే అడుగుతారు. డిజిటల్ సంతకపు టోకెన్లు, కొన్ని ప్రభుత్వ పోర్టళ్లు విండోస్‌నే దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. ముంబైకి చెందిన ఫ్రాపె సంస్థ తయారు చేసిన ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ జీఎస్టీతో సహా ఓపెన్ సోర్స్‌లో ఉంది, కానీ అయిదుగురి ఆఫీసుకు అది పెద్ద ఏర్పాటు. ఒక కంప్యూటర్‌కు సక్రమంగా విండోస్ లైసెన్సు కొని అకౌంట్లకు కేటాయించండి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

భద్రత మాటేమిటి?

కోడు అందరికీ కనిపిస్తుంది కాబట్టి సురక్షితమని కొందరు, కనిపిస్తుంది కాబట్టే ప్రమాదమని కొందరు వాదిస్తారు. రెండూ సగం నిజాలే. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపేందుకు వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం 2012లో విడుదలైన కోడులో చేరి, 2014 ఏప్రిల్‌లో బయటపడింది. అంతకాలం అందరి కళ్ల ముందే ఉంది, ఎవరూ చూడలేదు. 2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనంలో జరిగింది ఇంకా పెద్ద హెచ్చరిక. దాన్ని ఒంటరిగా మోస్తున్న వ్యక్తి నమ్మకాన్ని, మారుపేరుతో వచ్చిన ఒకరు రెండేళ్లకు పైగా సాయం చేస్తూ సంపాదించి, చివరికి దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసి ఆ దారిని పట్టుకున్నారు. కోడు మూసి ఉంటే ఆయన అంత లోతుకు వెళ్లగలిగేవారు కాదు. జీతం లేని ఒక మనిషి మీద అంత భారం వేయకపోయి ఉంటే ఆ దొంగకు చోటే దొరికేది కాదు.

మీ స్థాయిలో పాటించవలసింది సులువు. సాఫ్ట్‌వేర్‌ను మీరు ఎంచుకున్న లినక్స్ రకం (పంపిణీ) తాలూకు అధికారిక భాండాగారం నుంచే తీసుకోండి, దీర్ఘకాలిక మద్దతు ఉన్న రూపాన్నే ఎంచుకోండి, నవీకరణలు వాయిదా వేయవద్దు. ఏదైనా పెట్టుకునేముందు దాని చివరి విడుదల ఎప్పుడో, దానిపై ఎంతమంది పనిచేస్తున్నారో చూడండి. ఏళ్ల తరబడి కదలిక లేనిదాన్ని ముట్టుకోవద్దు.

రెండు పెద్ద ఉదాహరణలు

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ దాదాపు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది. ఏళ్ల తరబడి కష్టపడ్డాక, 2017లో మళ్లీ విండోస్‌కు వెళ్లాలని పాలకమండలి నిర్ణయించింది. రాజకీయ నాయకత్వం మారడం, బయటి కార్యాలయాలతో ఫైళ్ల చిక్కులు, ఉద్యోగుల అసంతృప్తి అన్నీ కలిసి వచ్చాయి. కేరళలో ప్రభుత్వ పాఠశాలలు 2000ల నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. అక్కడ ఉపాధ్యాయులకు పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలు దానికి తగ్గట్టు రాశారు, తమ అవసరాలకు తగిన రూపాన్ని తామే తయారు చేసుకున్నారు.

చిన్న స్థాయిలో నేను చూసిందీ ఇదే: ముందస్తు శిక్షణ, సన్నాహం లేకపోతే మార్పు నిలవదు. ఒక ప్రెస్సు యజమాని ఉచితమని విని, ఒక శని ఆదివారాల్లో అన్ని కంప్యూటర్లూ మార్పించేశారు. సోమవారం ప్రింటరు పలకలేదు, పాత ముఖచిత్రాలు తెరుచుకోలేదు, అడిగేందుకు మనిషి లేడు. నెల తిరక్కుండా వెనక్కి వెళ్లారు. ఇప్పుడు ఓపెన్ సోర్స్ పేరెత్తితేనే ఆయనకు కోపం. ఆ కోపానికి కారణమైంది సాఫ్ట్‌వేర్ కంటే ఆ తొందరే.

మీరైతే ఈ వరుసలో చేయండి

ముందు విండోస్ మీదే లిబ్రెఆఫీస్, స్క్రైబస్, ఇంక్‌స్కేప్ పెట్టుకోండి. ఇవన్నీ విండోస్‌లోనూ పనిచేస్తాయి. చేతులు అలవాటు పడ్డాక లోపలి వ్యవస్థను మారిస్తే ఆపరేటర్లకు పెద్ద తేడా తెలియదు. కొత్తగా వచ్చే ప్రతి రాతప్రతినీ యూనికోడ్‌లోనే టైపు చేయించండి, ఈ ఒక్క నియమానికి మినహాయింపు ఇవ్వవద్దు. దాచే ప్రతిని ఓపెన్ డాక్యుమెంట్ రూపంలో ఉంచండి. అది 2006లోనే అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. రచయితలకు పంపేటప్పుడు వర్డ్ రూపంలోనో పీడీఎఫ్‌లోనో పంపవచ్చు. పట్టికలు, పాదసూచికలు ఎక్కువున్న వర్డ్ ఫైళ్లు రాకపోకల్లో చెదురుతాయి కాబట్టి వాటిని ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

లినక్స్‌ను మొదట ప్రూఫులు చూసే యంత్రంలో పెట్టండి. పెన్‌డ్రైవ్ మీంచి నడిపి ప్రింటరు, స్కానరు పలుకుతున్నాయో లేదో చూశాకే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. నాలుగు జీబీ మెమరీ ఉన్న పాత యంత్రాలకు ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్ సరిపోతుంది. పేజీల అమరికకు తక్కువ పేజీల కవితాసంపుటి ఒకటి ఎంచుకుని మొదటినుంచి చివరిదాకా స్క్రైబస్‌లో చేయించి చూడండి. వందల పేజీల నవలతో మొదలుపెట్టవద్దు, పొడవైన పాఠంతో స్క్రైబస్ నెమ్మదిస్తుంది. నచ్చకపోతే అమరిక ఒక్కదానికి ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టుకోండి. పాఠం యూనికోడ్‌లో ఉన్నంతకాలం మీరు ఎప్పుడైనా, ఎటైనా వెళ్లవచ్చు.

వీలైతే ఏడాదికొకసారి మీరు ఎక్కువగా వాడే ప్రాజెక్టుకు కొంత విరాళం పంపండి. డబ్బు కుదరకపోతే, తెలుగులో ఎక్కడ ఏ అక్షరం విరిగిందో తెరబొమ్మతో సహా వారికి రాయండి. మన ఒత్తుల బాధ వాళ్లకు మనం చెబితేనే తెలుస్తుంది.

పాత పుస్తకాలు ఏ ఫాంట్లలో ఉన్నాయో, మీ ప్రింటర్ల నమూనాలు ఏమిటో ఇక్కడ రాయండి. ఏ కన్వర్టర్ సరిపోతుందో, ఏ ప్రింటరుకు డ్రైవరు ఉందో చూసి చెబుతాను. ఈలోగా పాత ఫాంట్లు తెరుచుకునే కంప్యూటర్ ఏదైనా ఉంటే, దాన్ని ఎవరికీ ఇవ్వవద్దు, ఫార్మాట్ చేయించవద్దు.